ఏడాది చివరి లెక్క: సగంలో ఆగిన అల్లికలు, సన్నం-లావు నూలు, ఖాళీ మగ్గం. కొత్త ఏడాదికి ఏం పెట్టుకోవాలి?

ఊలుబుట్ట | డిసెంబరు 27

అందరికీ నమస్కారం. సామానంతా బయటికి తీసి ఏడాది లెక్క చూస్తున్నాను. ఎన్ని వస్తువులు పూర్తయ్యాయో రాసుకుంటే బొమ్మ కుందేలూ ఒకటే, దుప్పటీ ఒకటే అవుతోంది. మీరంతా దేన్ని కొలుస్తారు? కొత్త ఏడాదికి ఏది లక్ష్యంగా పెట్టుకుంటారు?

ఇప్పుడున్న పరిస్థితి ఇది. క్రోషే దుప్పటికి 6 అంగుళాల చదరాలు 80 అనుకున్నాను, అడ్డం 8, నిలువు 10. 46 అయ్యాయి. ఊలు అన్ని రంగులూ కలిపి 390 గ్రాములే మిగిలింది. 20 నంబరు తెల్ల దారంతో మొదలుపెట్టిన గుండ్రటి లేసు గుడ్డ 14 వరుసల దగ్గర ఆగింది. అంచు అలలు అలలుగా లేస్తోంది, బల్ల మీద చదునుగా కూర్చోదు. పెట్టె రాట్నం మీద వడికిన నూలు 9 చిలపలుంది, అంటే వెయ్యి మీటర్ల చొప్పున చుట్టిన చుట్టలు. తూకం వేస్తే తేలికది 24 గ్రాములు, బరువుది 38. 32 అంగుళాల టేబుల్ మగ్గం ఒకటి ఖాళీగా ఉంది. చీటీలు ఊడిపోయిన ఉండలు ఒక సంచి నిండా ఉన్నాయి.

కోరిక మాత్రం ఒకటే: ఇంట్లో వడికిన నూలుతో ఇంట్లోనే నేసిన తువాళ్లు ఆరు. ఏడాదిలో అయ్యే పనేనా? సగంలో ఉన్నవి పూర్తి చేశాకే దీన్ని ముట్టుకోవాలా? మాది కరీంనగర్, ఎండాకాలం గాలి బాగా పొడిగా ఉంటుంది.

చిలపలెక్క | డిసెంబరు 27

ఊలుబుట్ట గారూ, వస్తువుల లెక్క వదిలేయండి. మూడు అంకెలు చాలు: ఎన్ని గ్రాములు వాడారు, ఎన్ని మీటర్లు వడికారు, ఎన్ని గంటలు కూర్చున్నారు. ఊలుకైతే ఉండ మొదలుపెట్టినప్పటి బరువు, ఆపినప్పటి బరువు రాస్తే సరిపోతుంది, వంటింటి త్రాసు చాలు. నూలుకు మాత్రం 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసు కావాలి. గంటలకు గోడ క్యాలెండరు మీద అరగంటకో గీత గీయండి. ఏడాది చివర ఆ గీతలే నిజం చెబుతాయి.

మీ సామాన్లలో అన్నిటికంటే ఎక్కువ కబురు చెబుతున్నది ఆ 9 చిలపల బరువు. నూలు సన్నదనాన్ని కౌంట్‌తో కొలుస్తారు, అంకె పెరిగే కొద్దీ నూలు సన్నం. కౌంట్ అంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని ఉన్నాయన్న లెక్క. దాన్ని మీటర్లలోకి, గ్రాముల్లోకి మార్చితే సులువైన సూత్రం వస్తుంది: 590ని 1000 మీటర్ల చిలప బరువుతో భాగించండి. 24 గ్రాముల చిలప సుమారు 25 కౌంట్. 38 గ్రాములది పదిహేనున్నర. అంటే ఒకే రాట్నం మీద, ఒకే చేత్తో, 15 నుంచి 25 దాకా వడికారన్నమాట. అయితే ముందు ప్రతి చిలపా నిజంగా 1000 మీటర్లేనా అని చూడండి. చిలప చుట్టే చట్రానికి ఒక చుట్టు దారం చుట్టి టేపుతో కొలవండి. 1.22 మీటర్లుంటే 820 చుట్లకు వెయ్యి మీటర్లు. నూలు చట్రం మీద పైపైకి ఎక్కుతుంటే చుట్టు పెద్దదవుతుంది. అందుకని పక్కపక్కన పరుచుకునేలా చుట్టాలి.

పొడవులు సరిగానే ఉంటే, కొత్త ఏడాదికి నా సలహా: సన్నం నూలు వడకాలని పెట్టుకోకండి, ఒకే లావు నూలు వడకాలని పెట్టుకోండి. తువాళ్లకు 20 కౌంట్ చక్కగా సరిపోతుంది. అంటే చిలప 29.5 గ్రాములు. 27 నుంచి 32 మధ్య వస్తే మంచి నూలే. జూన్ లోపు వరసగా పది చిలపలు ఈ హద్దులో పడ్డాయంటే అది లెక్కలోకి వచ్చే విజయం.

తేడా ఎక్కడ పుడుతుందంటే, సగం ఏకుల్లోనే, అంటే వడకడానికి చుట్టి పెట్టుకున్న దూది కడ్డీల్లోనే. ఏకులో ఉన్న చిన్న గడ్డ నూలులోకి వచ్చేసరికి మేకవుతుంది, దాని పక్కనే సన్నబడిన చోటు తెగుతుంది. గట్టిగా చుట్టిన ఏకు నుంచి దూది ఒక్కసారిగా ముద్దగా వస్తుంది, వదులుగా చుట్టినది జారిపోతుంది. ఏకులను 33 గ్రాములకో కట్టగా తూచి పెట్టుకోండి. పదో వంతు వృథా పోగా ఒక కట్టకు ఒక చిలప రావాలి. కట్ట అయిపోయేసరికి 850 మీటర్లే వస్తే లావు వడుకుతున్నట్టు, 1000 దాటినా దూది మిగిలితే సన్నం. చిలప పూర్తయ్యేదాకా ఆగక 100 మీటర్లకోసారి తూస్తే ఇంకా మేలు, 3 గ్రాముల దగ్గర ఉండాలి. తప్పు అక్కడే దొరుకుతుంది.

మిగతా సగం పురి. కదురు (నూలు చుట్టుకునే ఇనుప పుల్ల) మొనకు చిన్న కాగితం ముక్క అంటించి, రాట్నం పిడిని నెమ్మదిగా ఒక్క చుట్టు తిప్పి, కాగితం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి. 96 అనుకుందాం. 20 కౌంట్ నూలుకు అంగుళానికి సుమారు 20 పుర్లు కావాలి. మీరు ఒక్కోసారి 24 అంగుళాల పోగు లాగితే దానికి 480 పుర్లు, అంటే పిడి 5 చుట్లు. ఎంత లాగితే ఎన్ని చుట్లో ఇలా ఒక్కసారి తేల్చుకుంటే చేతికి అదే అలవాటవుతుంది. కదురును తిప్పే తాడు వదులైతే పిడి తిరిగినా కదురు జారుతుంది, లెక్కంతా తప్పుతుంది. నూలు చెయ్యి వదలగానే గింగిరాలు తిరిగి ముడిపడితే పురి ఎక్కువ. రెండు వేళ్లతో మెల్లగా లాగితే చప్పుడు లేకుండా విడిపోతే తక్కువ.

సన్న ఖాదీకి పేరుపడ్డ పొందూరులో ఏకులను ఎండిన అరటి దొప్పల్లో పెట్టుకుంటారు. నలగకుండా, దుమ్ము పడకుండా ఉండటానికి అంతకంటే మంచి డబ్బా లేదు. అక్కడ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, పోగులన్నీ ఒక దారికి తెచ్చాకే గింజ తీస్తారు. వంద కౌంట్ నూలు రాట్నం దగ్గర కాదు, ఆ దువ్వే దగ్గరే మొదలవుతుంది.

కొక్కెం | డిసెంబరు 28

దుప్పటి సంగతి నేను చెబుతాను. ఊహతో వద్దు, తూకంతో తేల్చుకోండి. పూర్తయిన చదరాలు ఐదు కలిపి తూచి ఐదుతో భాగించండి. మామూలు లావు ఊలుతో 6 అంగుళాల చదరం 14 గ్రాములు వచ్చిందనుకుందాం, మీ అంకె వేరైతే అదే పెట్టుకోండి. ఇంకా 34 చదరాలకు 476 గ్రాములు. అతుకుపనికి చదరానికి పావు తక్కువ రెండు గ్రాముల చొప్పున 80కి 140. అంచుకు మరో 50, 60. మొత్తం సుమారు 670. మీ దగ్గరున్నది 390. అందుకే పని ఆగింది, బద్ధకం వల్ల కాదు. ఊలు చాలదని చేతికి ముందే తెలుస్తుంది.

ఇప్పుడు కొత్త ఊలు కొనకండి. అదే కంపెనీ, అదే రంగు నంబరు అయినా అద్దకం విడత మారితే పగటి వెలుతురులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దుప్పటి కొలతే మార్చండి. అడ్డం 7, నిలువు 9 అయితే 63 చదరాలు, ఇంకా 17 చాలు. 17కి 238 గ్రాములు, అతుకుపనికి 110, మొత్తం 348. మిగిలిన 42 గ్రాములతో రెండు వరుసల అంచు హాయిగా వస్తుంది. దుప్పటి 42 × 54 అంగుళాలవుతుంది. మంచానికి చాలదు, కానీ ఒళ్లో కప్పుకోవడానికి, పిల్లలకు నిండుగా సరిపోతుంది.

అతికే ముందు ప్రతి చదరాన్నీ స్కేలు మీద పెట్టండి. నెలల తేడాతో అల్లిన చదరాలు ఒకే కొలతలో ఉండవు, చెయ్యి బిగువు మారుతూ ఉంటుంది. ఐదుముప్పావు వచ్చినవాటికి చివరి వరుస విప్పి అర మిల్లీమీటరు ఎక్కువ లావున్న కొక్కెంతో మళ్లీ వేయండి. ఆరుంపావు వచ్చినవాటికి సన్న కొక్కెం. నరసాపురం లేసు పనిలో ముక్కలు అల్లేది ఒకరు, అతికేది ఇంకొకరు. ముక్క కొలత తప్పితే అతికేవారి చేతిలో వెంటనే బయటపడుతుంది. ఇంట్లో రెండు పనులూ ఒకరివే కాబట్టి ఆ తనిఖీ మనమే పెట్టుకోవాలి.

ఇంకో మాట. రంగులు మార్చిన చదరానికి నాలుగు తోకలు, అంటే వేలాడే ఊలు కొసలు, ఉంటాయి. 63 చదరాలకు 252. పూర్తయిందనుకున్న దుప్పట్లు ఎక్కువగా ఆగేది ఈ తోకల దగ్గరే. ఈ రోజు నుంచి రోజుకు 20 చొప్పున, మొద్దు సూదితో ఒక వైపు రెండంగుళాలు, వెనక్కి మళ్లి ఒక అంగుళం కుట్టేయండి. ఒకే వైపు లాగి వదిలేస్తే అక్రిలిక్ నున్నగా ఉంటుంది కాబట్టి రెండో ఉతుకుకే జారి బయటికి వస్తుంది.

గోదారిలేసు | డిసెంబరు 28

లేసు గుడ్డ అలలు కట్టడానికి కారణం నూటికి తొంభై సార్లు పేర్ల తికమకే. బ్రిటిష్ పద్ధతిలో ట్రెబుల్ అనేదాన్ని అమెరికా పద్ధతిలో డబుల్ క్రోషే అంటారు. బ్రిటిష్ డబుల్ క్రోషే అంటే పొట్టి కుట్టు, అమెరికావాళ్లకు అది సింగిల్. పాత నమూనా పుస్తకం అలవాటుతో యూట్యూబ్ నమూనా అల్లితే ఇక్కడే దెబ్బ తింటాం. గుండ్రం చదునుగా కూర్చోవాలంటే పొడుగు కుట్టు, అంటే బ్రిటిష్ ట్రెబుల్, వరుసకు 12 చొప్పున పెరగాలి: 12, 24, 36, అలా 14వ వరుసకు 168. పొట్టి కుట్టయితే వరుసకు 6 చాలు. పొడుగు కుట్టుకు రాసిన 12ని పొట్టి కుట్టుతో వేస్తే వరుస ఎత్తు చాలదు, చుట్టు మాత్రం పెరుగుతూ పోతుంది. ఆ మిగులే అలలుగా లేస్తుంది. దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. పెంపు తక్కువైతే గుడ్డ గిన్నెలా ముడుచుకుంటుంది.

అలలు ఎక్కడ మొదలయ్యాయో పట్టుకోవడానికి గుడ్డను బల్ల మీద వేసి, మధ్యలో చిన్న గిన్నె బోర్లించండి. గిన్నె అంచు బయట మొదటగా లేచిన వరుస చూడండి. దానికంటే ఒక వరుస లోపలికి విప్పాలి, లేచిన చోటికే విప్పితే చాలదు. గొలుసు వలలుగా ఉన్న నమూనా అయితే కుట్లు లెక్కించి లాభం లేదు, వల పొడవు తగ్గించాలి. 5 గొలుసుల వలను 4 చేయండి, లేదా 1.25 కొక్కెం నుంచి 1 మిల్లీమీటరుకు మారండి. రెండూ ఒకేసారి మార్చకండి, ఏది పని చేసిందో తెలియదు.

కొంచెమే అలలుంటే విప్పకుండానే దారికొస్తుంది. గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి, పిండకుండా తువాలులో చుట్టి నొక్కి, థర్మాకోల్ పలక మీద మధ్య నుంచి బయటికి లాగుతూ తుప్పు పట్టని గుండుసూదులతో గుచ్చండి. పూర్తిగా ఆరాకే తీయాలి. ఒక రోజు పడుతుంది. నూలు దారం కాబట్టి చెప్పిన మాట వింటుంది. అక్రిలిక్‌కు ఇలా తడిపితే చాలదు, ఆవిరి పట్టాలి. ఇస్త్రీపెట్టె తగిలిందా, అతుక్కుపోయి ప్రాణం పోతుంది.

కొత్త ఏడాది లక్ష్యాల మీద నాదొక మాట, చిలపలెక్క గారికి కొంచెం ఎదురుగా. మీటర్లు, గ్రాములు లక్ష్యంగా పెట్టుకుంటే చేతులు పరుగెత్తుతాయి. సన్న దారం లేసులో పరుగు పెడితే మణికట్టు నొప్పి, బిగువు తేడా, రెండూ వస్తాయి. లేసుకు లక్ష్యం గంటలే: రోజుకు 40 నిమిషాలు, మధ్యలో 20 నిమిషాలకు ఒకసారి చెయ్యి చాపి విదిలించడం. వరుసలు ఎన్నైతే అన్ని. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనికి పేరు తెచ్చింది ఏటా ఎన్ని గజాలని కాదు, ఒకే బిగువు.

పడుగుపేక | డిసెంబరు 29

ఆరు తువాళ్లు ఏడాదిలో అవుతాయి. లెక్క ముందు పెడతాను.

పన్నెలో (పోగులను వరసలో ఉంచే దువ్వెన లాంటి చట్రం) వెడల్పు 30 అంగుళాలు, అంగుళానికి 36 పోగులు: పడుగు, అంటే నిలువు పోగులు, 1080. తువాలు మగ్గం మీద 60 అంగుళాలనుకుంటే ఆరింటికి 9 మీటర్ల పైన. నేతలో పోగు వంకరలకు పదో వంతు కలిపితే 10, మగ్గానికి కట్టడంలో రెండు చివర్లా పోయేది 1, మొత్తం 11 మీటర్ల పడుగు. 1080 × 11 = 11,880 మీటర్లు. పేక, అంటే అడ్డ పోగులు, కూడా అంగుళానికి 36 వేస్తే ఆరు తువాళ్లకు 12,960 పోగులు, ఒక్కోటి 80 సెంటీమీటర్లు: దాదాపు 10,370 మీటర్లు. రెండూ కలిపి 22,250. తెగేవి, చిక్కుపడేవి పదో వంతు వేసుకుంటే 24,500, అంటే 25 చిలపలు, 20 కౌంట్‌లో సుమారు 740 గ్రాములు. ఉతికాక తువాలు 27 × 54 అంగుళాలవుతుంది, పల్చగా త్వరగా ఆరేది.

గంటలు చూద్దాం. పెట్టె రాట్నం మీద గంటకు 250 మీటర్లు వస్తే వడకడానికి 98 గంటలు. రోజుకు గంట, వారానికి ఐదు రోజులు వేసుకుంటే 20 వారాలు. పడుగు పోయడం, పోగులు ఎక్కించడం కలిపి 12 నుంచి 15 గంటలు. నేత నిమిషానికి 8 పోగులనుకున్నా 27 గంటలు. మొత్తం 140 గంటల పని. జనవరిలో మొదలుపెడితే మే చివరికి నూలు చేతిలో ఉంటుంది.

కరీంనగర్ అన్నారు కాబట్టి నెలల వరస ముఖ్యం. నూలుకు తేమ బలం, పొడిగాలి శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఏడులోపు వడకండి. ఏకుల బుట్ట మీద తడిపి గట్టిగా పిండిన గుడ్డ కప్పండి, ఏకులకు మాత్రం నీటిచుక్క తగలకూడదు, ముద్దకడతాయి. పడుగు నూలుకు గంజి పెట్టే పనికి మాత్రం ఎండ కావాలి, పెట్టిన రోజే ఆరిపోవాలి. జూన్ మొదటి వారం, వానలు పట్టకముందు దానికి సరైన కాలం. ఆ తరవాత వానాకాలపు తేమగాలిలో నేస్తే పోగులు తక్కువ తెగుతాయి. ఈ వరస తిరగేసి, వానల్లో గంజి పెట్టి వేసవిలో నేయబోతే గంజి బూజు పట్టి నల్ల మచ్చలు పడతాయి, మిగిలిన పడుగు పుటుక్కుపుటుక్కుమంటుంది.

గంజి: 12 చిలపల పడుగుకు 40 గ్రాముల బియ్యప్పిండి, లీటరు నీళ్లు. పిండిని చల్లనీళ్లలో గడ్డలు లేకుండా కలిపి, గరిటె తిప్పుతూ పారదర్శకంగా అయ్యేదాకా కాచి, ఒక చెంచా నువ్వుల నూనె వేసి వడగట్టండి. నూనె లేకపోతే ఆరాక పోగు పెళుసవుతుంది. ముందే అరగంట నీళ్లలో ఉడికించి పురి కుదురుకున్న చిలపలను ఇందులో ముంచి, పిండి, వెదురు కర్రకు వేలాడదీయండి. ఆరుతున్నంతసేపూ పది నిమిషాలకోసారి రెండు చేతులతో దులిపి విడదీయాలి. ఈ పని మానేస్తే పోగులు ఒకదానికొకటి అతుక్కుని, చుట్టేటప్పుడు విడదీయబోతే నూగు లేచి తెగుతాయి. చేతి నూలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. మిగిలిన గంజి మర్నాటికి దాచకండి, పులుస్తుంది.

పడుగు నూలుకు పురి కొంచెం ఎక్కువ కావాలి, అంగుళానికి 20 నుంచి 22. పేకకు 16 నుంచి 18 చాలు, మెత్తగా ఉండి నీళ్లు బాగా పీలుస్తుంది. కాబట్టి మొదటి నుంచే రెండు బుట్టలు పెట్టుకుని చీటీలు కట్టండి.

దూది కూడా ఇప్పుడే తెచ్చుకోవాలి. పత్తి ఏరేది అక్టోబరు నుంచి జనవరి దాకా. మీ పక్కనే ఎవరైనా రైతు దగ్గర మొదటి, రెండో ఏరుడు పత్తి అడగండి. చివరి ఏరుడులో పోగు బలహీనం, పురుగు మచ్చలు ఎక్కువ. గింజ తీస్తే మూడో వంతే దూది. 740 గ్రాముల నూలుకు 820 గ్రాముల దూది, దానికి రెండున్నర కిలోల పత్తి. బేలుగా నొక్కిన దూది అయితే వడికే ముందు రెండుసార్లు ఏకాలి, అంటే దువ్వి విడదీయాలి, నొక్కుడుకు పోగులు ఉండలు కట్టి ఉంటాయి.

ఊలుబుట్ట | డిసెంబరు 29

ఇన్ని అంకెలు ఒక్కచోట దొరకడం చాలా మేలయింది. చదరం 13.5 గ్రాములు వచ్చింది, 63కి దించేశాను. లేసు గుడ్డలో పొట్టి కుట్టే వేశాను, పెంపు మాత్రం 12. గోదారిలేసు గారు చెప్పింది అక్షరాలా అదే. నాలుగో వరుస దాకా విప్పుతాను.

రెండు సందేహాలు. ఉన్న 9 చిలపలు, సన్నం-లావు తేడాలతో, ఎందుకైనా పనికొస్తాయా? వానాకాలంలో ఊలు సంచి వాసన పట్టింది, వేపాకు వేస్తే చాలా?

పడుగుపేక | డిసెంబరు 30

ఆ 9 చిలపలు పడుగులో కలపకండి. లావు పోగు పక్కన సన్న పోగు బిగువు సమానంగా పట్టదు, నాలుగంగుళాలు నేసేసరికి సన్నవి తెగడం మొదలవుతుంది. పేకగా మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఒక తువాలుకు పేక 1,730 మీటర్లు, 9 చిలపలకు ఐదు తువాళ్లు. కాబట్టి జనవరిలోనే మిల్లు నూలు 2/40 పడుగు వేయండి. 40 కౌంట్ పోగులు రెండు కలిపి పురి పెట్టింది కాబట్టి 20 కౌంట్ లావే ఉంటుంది, గంజి అక్కర్లేదు, తెగదు. మగ్గం మీద చెయ్యి కుదరడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. ఈ ఐదూ నేసేలోపు మీ అసలు ఆరు తువాళ్ల నూలు రాట్నం మీద తయారవుతూ ఉంటుంది.

ఒకే చిలప వరసగా వేస్తే 24 గ్రాములది అయిపోయి 38 గ్రాములది మొదలైన చోట గుడ్డ మీద అడ్డంగా పట్టీ కనిపిస్తుంది. రెండు నాడెలు (పేక పోగును అటూ ఇటూ తీసుకెళ్లే పనిముట్లు) పెట్టుకోండి, ఒకదాంట్లో సన్నది, ఒకదాంట్లో లావుది. రెండు పోగులకోసారి నాడె మార్చండి. తేడా అంతటా సమంగా పరుచుకుంటుంది, చూడటానికి కావాలని నేసిన చారలా ఉంటుంది.

చిలపలెక్క | డిసెంబరు 30

ఈ ఒక్క విషయంలో నేను వేరేగా చెబుతాను. ఐదు కాదు, రెండే తువాళ్లకు మిల్లు పడుగు వేయండి. మెత్తగా, సన్నగా ఉన్న నాలుగు చిలపలు వాటికి వాడండి. లావున్న ఐదింటిని పక్కన పెట్టి, వాటిలో ఒక్కోటి 10 మీటర్లు కత్తిరించి అట్ట ముక్కకు చుట్టి తేదీ రాసి పెట్టండి. ప్రతి మూడు నెలలకూ కొత్త నూలు 10 మీటర్లు దాని పక్కన చుట్టండి. అంగుళంలో ఎన్ని చుట్లు పడుతున్నాయో, గడ్డలు ఎన్నో కళ్లముందే తెలుస్తుంది. వచ్చే డిసెంబరులో మీకు కావలసిన లెక్క ఆ అట్టే. పైగా చేతి నూలు పడుగు మీద త్వరగా చెయ్యి పడాలి, మిల్లు పడుగుకు అలవాటైతే చేతి పడుగు బిగువు ఎంత వదులుగా ఉంచాలో తెలియక మొదటి రోజే నలభై పోగులు తెంచుకుంటారు.

దూదిపింజ | డిసెంబరు 31

దాచుకునే సంగతి. వేపాకు వాసనకు పురుగు కాసేపు దూరం వెళ్తుందేమో గానీ లోపలున్న గుడ్లు చావవు. నిజమైన ఉన్ని, పట్టు ఉంటే గాలి చొరని సంచిలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక సంచి విప్పకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే ఊలు మీద చెమ్మ పడుతుంది. అక్రిలిక్‌ను పురుగు తినదు, దాని జోలికి వచ్చేది బూజు, దుమ్మే. ఉతికి ఆరబెడితే వాసన పోతుంది. నూలుకు ప్రమాదం వెండి పురుగు (సిల్వర్‌ఫిష్). అది వచ్చేది గంజి కోసం. అందుకని గంజి పెట్టిన నూలు, గంజి పెట్టిన లేసు గుడ్డ ఎప్పుడూ అలాగే దాచకండి. గంజి పోయేలా ఉతికి, నీడలో ఎండబెట్టి, పాత నూలు చీరలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో తేమ బయటికి పోలేదు, వానాకాలం వాసనకు అదే కారణం.

చీటీలు లేని ఉండలకు: రెండంగుళాల ముక్క పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్లు పోసిన స్టీలు పళ్లెం పెట్టి, అగ్గిపుల్ల చూపించండి. కరిగి గట్టి నల్ల పూసలా మిగిలితే అక్రిలిక్. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే ఉన్ని. కాగితంలా మండి మెత్తని బూడిదైతే నూలు. అంగడిలో ఊలని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం అక్రిలిక్కే కాబట్టి ఆశ్చర్యపోకండి. తరవాత ఒక స్కేలుకు అంగుళం మేర పక్కపక్కన వదులుగా చుట్టండి. 9, 10 చుట్లు పడితే మీ దుప్పటి ఊలు లావు. 14 దాటితే సన్నది, దుప్పటిలో కలపకండి, చదరం కొలత తప్పుతుంది.

ఊలుబుట్ట | డిసెంబరు 31

జనవరి 2న రెండు తువాళ్ల మిల్లు పడుగు మొదలు. ఒక్క చివరి ప్రశ్న. నా పన్నె మీద 36 అని రాసి ఉంది. కానీ అంగుళంలో ఖాళీలు 18 మాత్రమే కనిపిస్తున్నాయి. తప్పు పన్నె వచ్చిందా?

పడుగుపేక | డిసెంబరు 31

తప్పు కాదు. మిల్లు లెక్కలో పన్నె నంబరు అంటే రెండంగుళాల్లో ఎన్ని ఖాళీలని. ఖాళీకి రెండు పోగుల చొప్పున ఎక్కిస్తే అంగుళానికి అదే అంకె వస్తుంది. మీది సరిగ్గా కావలసిన 36. కొన్ని చోట్ల వేరే లెక్కతో రాస్తారు, అందుకే ఏ పన్నె కొన్నా స్కేలు పెట్టి ఖాళీలు లెక్కపెట్టుకోవడం మంచిది. ఎక్కించేటప్పుడు రెండు అంచుల్లోనూ చివరి నాలుగు ఖాళీల్లో మూడేసి పోగులు వేయండి. అందుకని పడుగులో 8 పోగులు అదనంగా పోయండి, అంచు తాడులా లోపలికి లాక్కుపోకుండా నిలబడుతుంది.